తల్లిని చూడని బేరం

కవులను గురించీ, చరిత్ర పురుషులను గురించీ వ్యాసాలు వచ్చే మన కళాశాల వార్షిక సంచికలో కుక్కపిల్లను గురించి వ్యాసమా అని కొందరు మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వుకొన్నా నష్టం లేదు. ఈ విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి ఉన్నది. దానిని పదిమందిలో చెప్పుకొంటే తప్ప నా మనస్సు తేలికపడేటట్లు లేదు.

కర్నూలు ఊరి చివర మా అబ్బాజాన్‌కు చిన్న దొడ్డి ఉన్నది. అందులో ముప్పై వరకు మేకలూ, పొట్టేళ్ళూ ఉంటాయి. 2021లో బక్రీదుకు పది రోజుల ముందు ఒక రాత్రి రెండు బలిసిన పొట్టేళ్ళు మాయమైనాయి. కాపలాకు మంచి కుక్క ఉండాలని అబ్బాజాన్ అన్నారు. దాదీమా ససేమిరా ఒప్పుకోలేదు. కుక్క నోరుపెట్టిన పాత్రను ఏడుమార్లు కడగవలసి ఉంటుందనీ, ఇంట్లో నమాజు చేసే చోటు ఉన్నదనీ ఆమె వాదం. మందకూ, పంటకూ, వేటకూ కుక్కను ఉంచుకొనడానికి అనుమతి ఉన్నదని అబ్బాజాన్ గుర్తుచేశారు. ఖురాన్‌లో గుహవాసుల వృత్తాంతంలో గుమ్మం దగ్గర ముంగాళ్ళు చాచి కూర్చున్న కుక్కను కూడా సాక్ష్యానికి పిలిచారు. చివరకు ఒక ఒప్పందం కుదిరింది. కుక్క దొడ్డిలోనే ఉండాలి, ఇంటి గడప దాటరాదు.

కొని తెచ్చే భారం నా మీద పడింది. జంతుశాస్త్రం చదివేవాడికి కుక్కపిల్లను ఎంచడం ఒక లెక్కా అని అందరి నమ్మకం. నిజం చెప్పాలంటే నా నమ్మకమూ అదే.

హైదరాబాదులో ఒక అంగడికి వెళ్ళాను. ఇనుప బోనులలో ఒకదానిపై ఒకటిగా రకరకాల పిల్లలు. వాటిలో ఒక జర్మన్ షెపర్డ్ పిల్ల నా వేలిని నాకింది. అంతే, నా శాస్త్రజ్ఞానం అక్కడితో సమాప్తం. దాని కడుపు ఉబ్బి ఉంటే బాగా పాలు త్రాగిందని అనుకొన్నాను. అవి నులిపురుగులు. కంటి కొసలలో పుసి ఉంటే ప్రయాణపు దుమ్ము అనుకొన్నాను. చేతిలోకి తీసికొనగానే కదలక పడుకొంటే ఎంత సాధువు అని మురిసిపోయాను. నలభై రోజుల పిల్ల అని అంగడివాడు గర్వంగా చెప్పాడు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలలో స్పష్టంగా ఉన్నది. అది నాకు తెలియదు, ఆయనకు తెలిసే ఉంటుంది. వంశపత్రం పేరిట రంగుల కాగితం ఒకటి, టీకా పుస్తకం ఒకటి ఇచ్చాడు. ఆ పుస్తకంలో వైద్యుని సంతకం ఉండవలసిన చోట ఖాళీగా ఉన్నదని ఇంటికి వచ్చిన తరువాత గాని చూడలేదు. తల్లి ఏదని నేను అడగనేలేదు. 'తల్లి దూరాన ఫారంలో ఉంది' అని ఆయనే అన్నాడు. తొమ్మిది వేల రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాను. అందులో సగం నా ఉపకారవేతనం.

దానికి షేరూ అని మా తమ్ముడు పేరు పెట్టాడు. వాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు.

మూడవ రోజున షేరూ తిండి మానివేసింది. నాలుగవ రోజున వాంతులు, ఆపైన రక్తంతో విరేచనాలు. ఆ దుర్గంధం ఒకసారి ఎరిగినవారు మరువలేరు. పశువైద్యుడు చూడగానే పార్వో అన్నాడు. ఆ వైరస్ ఒంట్లో చేరిన తరువాత లక్షణాలు బయటపడడానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుందట. అంటే మా ఇంటికి వచ్చేనాటికే అది వ్యాధిని వెంటబెట్టుకొని ఉండాలి, లేదా ఆ బోనులోనే అంటించుకొని ఉండాలి. సెలైను ఎక్కించారు. రెండు రాత్రులు తమ్ముడు దాని ప్రక్కన గోనెసంచి మీదనే కూర్చున్నాడు. ఆరవ రోజు ఫజ్ర్ వేళకు ప్రాణం పోయింది. 'నువ్వే కదా భయ్యా, ఏరి తెచ్చావు' అన్నాడు వాడు. నిందగా అనలేదు. అందుకే ఎక్కువగా తగిలింది.

కథ అక్కడితో ముగిసినట్లయితే ఈ వ్యాసం వ్రాసి ఉండను. దొడ్డి గోడకు అవతల వేపచెట్టు క్రింద ఒక వీధికుక్క ఈని ఉన్నది. దానికి నాలుగు పిల్లలు. షేరూ మలినం చేసిన చోటును నేను ఫినాయిలుతో కడిగి, ఆ నీళ్ళను గోడ అవతలకు వదిలాను. శుభ్రం చేశాననే అనుకొన్నాను. రెండు వారాలలో ఆ నాలుగింటిలో మూడు చనిపోయాయి. మామూలు ఫినాయిలుకు ఆ వైరస్ లొంగదనీ, బ్లీచింగ్ పౌడరు వాడవలసి ఉండెననీ, నేలలో అది నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరానికి పైగా బ్రతికి ఉంటుందనీ వైద్యుడు తరువాత చెప్పాడు. ఇంట్లో ఎవ్వరూ నన్ను ఒక్క మాట అనలేదు. కుక్క వద్దని అంత పట్టుబట్టిన దాదీమా మాత్రం కొంతకాలం ప్రతి సాయంత్రమూ పాలలో నానిన రొట్టెను ఆ తల్లికుక్క ముందు పెట్టి వచ్చేది.

వైద్యుడు నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న, 'తల్లిని చూశావా?' అని. లేదన్నాను. అప్పుడు ఆయన చెప్పిన సంగతులు మా తరగతి గదిలో విన్నవే. కాని వాటికి ఇంత బరువు ఉన్నదని నాకు అంతవరకు తెలియదు. పుట్టిన మొదటి రోజున త్రాగే ముర్రుపాల ద్వారా తల్లి తన రోగనిరోధక శక్తిని పిల్లకు ఇస్తుంది. తల్లికి టీకాలు ఉంటే ఆ శక్తి ఉంటుంది. అది వారాల మీద క్రమంగా తరిగిపోతుంది. తరిగేలోపల వేసిన టీకాను తల్లి ఇచ్చిన శక్తియే పనిచేయనీయకపోవచ్చు. అందుచేతనే ఆరు, ఎనిమిది వారాల నడుమ మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకు ఒకసారి చొప్పున పదహారు వారాల వయస్సు దాకా టీకాను మళ్ళీ మళ్ళీ వేయవలసి ఉంటుంది. ఒక్క సూది వేయించి, పుస్తకం చేతికిచ్చి, అంతా అయిపోయిందనడం మోసం. పైగా ఎనిమిది వారాలు తల్లితోనూ, తోబుట్టువులతోనూ గడిపిన పిల్లయే కాటును ఎంతలో ఆపాలో నేర్చుకొంటుంది.

ఏడాదిపాటు దొడ్డిలో మరొక పిల్ల అడుగు పెట్టరాదని వైద్యుని ఆజ్ఞ. ఆ ఏడాదిలోనే మాకు జన్యుశాస్త్రం పాఠాలు వచ్చాయి. అన్నాచెల్లెళ్ళ వంటి తోబుట్టువులను జతకట్టిస్తే పుట్టే పిల్లల అంతఃప్రజనన గుణకం ఇరవై అయిదు శాతం అని నల్లబల్ల మీద లెక్క వేస్తుంటే, అంగడివాడిచ్చిన రంగుల కాగితం తీసి చూశాను. మూడు తరాల పేర్లలో ఒకే మగకుక్క పేరు రెండు చోట్ల ఉన్నది. అదైనా నిజమో కాదో. వంశపత్రం అనేది పుట్టుకను చెబుతుంది గాని ఆరోగ్యాన్ని చెప్పదు. తుంటికీలు సరిగా అమరని దోషం జర్మన్ షెపర్డ్ వంటి పెద్దజాతులలో వంశపారంపర్యంగా వస్తుంది. దానిని కనిపెట్టాలంటే తల్లిదండ్రులకు ఎక్స్‌రే తీయించి ఉండాలి. ఇక 2003లో ఒక టెలిఫోన్ కంపెనీ ప్రకటన చూసి దేశమంతా పగ్ పిల్లల కోసం ఎగబడినది. ఆ చప్పిడి ముక్కు ముద్దుగా ఉంటుందని మనం అంటాము, మన ఎండలలో ఊపిరి తీయడానికి అది పడే పాటు దానికే ఎరుక. మంచు ప్రదేశపు హస్కీని తెచ్చి మే నెలలో కర్నూలులో కట్టివేసేవారిని ఏమనాలో నాకు తోచదు.

అందుచేత ఈసారి దక్కను నేలకు అలవాటైన జాతినే తీసికొనాలని నిశ్చయించుకొన్నాను. అది ముధోళ్ వేటకుక్క. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వారి పుస్తకాలలో దీనిని కారవాన్ హౌండ్ అంటారు. ముధోళ్ సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే ఒక జంటను అయిదవ జార్జి చక్రవర్తికి బహూకరించారని చెబుతారు. 2005లో మన తపాలా శాఖ నాలుగు దేశీయ శునకజాతులకు స్టాంపులు వేసినప్పుడు వాటిలో ఇదీ ఒకటి. ముధోళ్‌కు సమీపాన తిమ్మాపురంలో దీనికొరకు ఒక పరిశోధన కేంద్రమే ఉన్నది.

2022 సెప్టెంబరులో తమ్ముణ్ణి వెంటబెట్టుకొని గుంతకల్లు, గదగ్‌ల మీదుగా బాగల్‌కోటకు రైలులోనూ, అక్కడినుంచి ముధోళ్‌కు బస్సులోనూ వెళ్ళాను. ఆ ప్రాంతపు పల్లెలో ఒక వృద్ధ రైతు తరతరాలుగా ఈ కుక్కలను పెంచుతున్నాడని మా వైద్యుడు చెప్పి పంపాడు. ఆయన మంచం వాల్చి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. నేను గొంతు సవరించుకొనేలోగానే మా తమ్ముడు అడిగాడు, 'దీని అమ్మ ఏది తాతా?' అని.

ఆయన నవ్వి లోపలి వాకిలి తెరిచాడు. సన్నని పొడుగైన ఆడకుక్క వచ్చి, మమ్మల్ని దూరం నుంచి పరికించి, మధ్యన నిలబడింది. దాని వెనుకటి పక్కటెముకలు రెండు మూడు కనిపిస్తున్నాయి. ఆ జాతికి అది లక్షణమేగాని ఆకలి కాదు. ఈ జాతి కొత్తవారి చేయి పడనీయదని ఆయన ముందే హెచ్చరించాడు. దానికిది రెండవ ఈత. టీకాల పుస్తకం, అందులో తేదీలు, సంతకాలు, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదైన పత్రం అన్నీ చూపించాడు. ప్రక్క వీధికి తీసికొనిపోయి తండ్రిని కూడా చూపించాడు. ఒక పిల్లకు క్రింది దవడ ముందుకు ఉన్నదని ఆయనే ఎత్తి చూపి, దానిని ఈతకు పెట్టరాదు గనుక తన బంధువుల ఇంటికి ఇస్తానన్నాడు.

ఆపైన ప్రశ్నలు మొదలైనాయి. మేము ఆయనను అడిగినవి నాలుగైతే, ఆయన మమ్మల్ని అడిగినవి నలభై. ఎవరు తిండి పెడతారు? నీవు చదువుకు వెళ్ళిపోతే ఎవరిది బాధ్యత? పరుగెత్తడానికి చోటెంత? 'ఇది చూపుతో వేటాడే కుక్క తమ్మా, కదిలినదాని వెంట పడుతుంది. మేకపిల్లల నడుమ చిన్నప్పటి నుంచి పెంచే ఓపిక ఉందా?' పగలంతా గొలుసుతో కట్టివేసేటట్లయితే ఇవ్వనన్నాడు. అబ్బాజాన్‌తో ఫోనులో మాట్లాడిన తరువాతనే మెత్తబడ్డాడు. ఎప్పుడైనా పెంచలేకపోతే ఎవరికీ అమ్మక, తన దగ్గరకే తిరిగి తేవాలని కాగితం మీద నాచేత వ్రాయించుకొన్నాడు. ఇంటర్వ్యూకు వచ్చినట్లు నాకు చెమటలు పట్టాయి. పిల్లలకు అప్పటికి అయిదు వారాలు. ఎనిమిది నిండిన తరువాత రమ్మని వట్టి చేతులతో పంపాడు.

అక్టోబరులో మళ్ళీ వెళ్ళాము. నా చూపు మూలన ఒంటరిగా కూర్చున్న పిల్ల మీద పడింది. షేరూ గుర్తుకు వచ్చినదేమో, దానినే అడిగాను. ఆయన మాట్లాడక ఒక స్టీలు పళ్ళెం నేల మీద జారవిడిచాడు. మిగిలినవి ఉలిక్కిపడి, మరుక్షణం వచ్చి పళ్ళాన్ని వాసన చూశాయి. అది మాత్రం వణుకుతూ గోడకు అతుక్కొనిపోయింది. 'దానికి దయ కాదు, కాలం కావాలి. మీ దొడ్డిలో ముప్పై మేకల నడుమ అది ఉండలేదు. ఇది ఇక్కడే ఉంటుంది' అన్నాడు. నాకు కొంచెం కోపం వచ్చినమాట నిజం. ఆయన ఎంచి ఇచ్చిన లేతరంగు పిల్లతోనే తిరిగివచ్చాము.

దానికి బర్ఖ్ అని పేరు. దాదీమా ఇప్పటికీ దానిని తాకదు, అది గడప దాటదు. కాని మగ్రిబ్ వేళకు 'దానికి వేశారా?' అని తప్పక అడుగుతుంది. వేపచెట్టు క్రింది పిల్లలలో మిగిలిన ఒక్కదానికి పంచాయతీ నడిపి అబ్బాజాన్ టీకాలు వేయించారు. అది గోడకు అవతల, ఇది ఇవతల మొరుగుతూ ఉంటాయి. ముధోళ్ పెద్దాయన రెండు మూడు నెలలకు ఒకసారి ఫోను చేస్తాడు. నా చదువు సంగతి అడగడు, బర్ఖ్ సంగతే అడుగుతాడు. మా తమ్ముడు ఫోను లాక్కొని ప్రతిసారీ మూలన కూర్చున్న పిల్లను గురించి అడుగుతాడు. అది ఇప్పుడు ఆయన మనుమరాలి వెంట బడి దాకా వెళ్ళి వస్తున్నదట.