నీళ్లున్న చోటే మజిలీ

పెండ్లిమర్రిలో పుట్టి పెరిగినవాళ్లకు దక్షిణం దిక్కంటే పాలకొండలే. ఎండాకాలం మిద్దె మీద పడుకుంటే తలాపున నల్లగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకుని ఉండేవి. ఆషాఢ శ్రావణాల్లో మబ్బులు ఆ కొండల మీదికి దిగేవి. మా జేజి వాకిట్లో నిలబడి, కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని చూసి, "కొండకు పడతాంది వాన. మన కయ్యల దాకా రావల్ల గదా" అనేది. చాలాసార్లు వచ్చేది కాదు. ఏడాది మొత్తానికీ 700 మిల్లీమీటర్ల చుట్టూ కురిసే జిల్లా మాది. అదీ అదనుకు కురవదు. చెనిక్కాయ ఊడలు దిగే వేళకు మొహం చాటేసి, చెట్టు పీకి కుప్పేసినాక పడేది. అందుకే చిన్నప్పుడు ఆ కొండల మీద నాకు కోపంగా ఉండేది, మా వానంతా అవే తాగేస్తున్నాయని. ఆ నీళ్లు ఏమవుతున్నాయో చూపించడానికి మమ్మల్ని కొండల్లోకి తీసుకుపోయినవాళ్లు ఇద్దరు. మా బడి సైన్సు సారు ఒకరు, మా వీధి చివర ఉండే మేకల అబ్బ ఇంకొకరు.

అది 1990 సంక్రాంతి. అంతకు నాలుగేళ్ల ముందు, 1986 జనవరిలో, సిద్ధవటం అవతల లంకమల అడవిలో కలివికోడి మళ్లీ కనిపించింది. తెల్లవాళ్ల పటాలంలో డాక్టరుగా ఉన్న జెర్డాన్ 1848లో లోకానికి చెప్పిన పిట్ట అది. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. ఇక లేదనే అందరూ అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు వచ్చి వెతుకుతుంటే, దాన్ని రాత్రిపూట పట్టి చూపించింది మాత్రం అక్కడి పల్లెలో పిట్టలు పట్టుకునే మనిషే. ఈ కథ చెప్పినప్పుడల్లా సారు గొంతు మారిపోయేది. "బొంబాయి నుంచి వచ్చినోళ్లు మన అడవిలో తిరగతాండారు. ఇంటెనక కొండను మనం ఒక్కపూట చూసింది లేదు" అనేవాడు. 1989లో శేషాచలం కొండల్లో 353 చదరపు కిలోమీటర్ల అడవిని శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కుగా ప్రకటించినప్పుడు, ఆ వార్త కత్తిరించి బడిలో నోటీసు బోర్డుకు అంటించాడు. దాని కిందనే తన చేత్తో పటం గీశాడు. మా పాలకొండలూ ఆ శేషాచలమూ ఒకే వరుస అని ఆ పటం చూసినాకే నాకు అర్థమైంది.

పిల్లలం ఐదుగురం. నేను, మా చిన్నాయన కొడుకు, మేనత్త కొడుకు, పక్కింటి పిల్లోడు, సారు కూతురు. నాయన సరేనన్నాడు గానీ జేజి ఒప్పుకోలేదు. ఎలుగుగొడ్లు మొహం మీదే కొడతాయని ఆమె భయం. సారు తన ఆడబిడ్డనే వెంటబెట్టుకుని వస్తున్నాడని తెలిసినాక మెత్తబడింది. పశుల పండగ తెల్లారి, ఇంకా వాకిట్లో గొబ్బెమ్మలు ఎండకముందే బయలుదేరాం. డేరాలు, గుడారాలు మాకెవరికీ తెలియవు. తలా ఒక దుప్పటి, కింద పరుచుకోవడానికి గోతాలు, అబ్బ దగ్గర గొంగడి, సారు దగ్గర లాంతరు, మూడు బ్యాటరీల టార్చి. రాగిపిండి, నూకలు, చెనిక్కాయల ఊరిమిండి, చింతపండు, బొరుగులు, పండగకు చేసిన ఓలిగలు. సత్తు గిన్నె మోసే పని వంతులవారీగా పడింది.

మొదటి రాత్రి పొలతలలో. మల్లేశ్వరస్వామి, అక్కదేవతలు కొలువైన చోటు అది. శివరాత్రికి బండ్లు కట్టుకుని జనం విరగబడి వస్తారు. నేను అప్పటిదాకా తిరునాళ్లలో తప్ప దాన్ని చూసి ఉండలేదు. జనం లేని పొలతల వేరే ఊరిలా ఉండింది. గుడిలో టెంకాయ కొట్టి, అక్కడ నిలవకుండా అబ్బ మమ్మల్ని వంక వెంబడి పైకి నడిపించాడు. వంకంతా ఇసుక, గుండ్లు. చుక్క నీళ్లు లేవు.

"యాడ తవ్వల్లో చెప్పండ్రా" అన్నాడు అబ్బ, చేతికర్ర ఇసుకలో గుచ్చి.

మేము పల్లంగా ఉన్న చోటు చూపించాం. ఆయన తల అడ్డంగా ఊపి, "నీళ్లకోసం కిందికి సూడొద్దు, పైకి సూడండి" అన్నాడు. పైన ఏముంది, చెట్లే కదా! ఒక పక్కంతా ఎర్రచందనాలు, మొసలి తోలు మాదిరి పగిలిన నల్లటి బెరడుతో. ఆకు రాలుతున్న కాలం, కొమ్మలకు గుండ్రటి రెక్కల కాయలు వేలాడుతున్నాయి. అది ఎండకు, బండకు పుట్టిన చెట్టు, దాన్ని నమ్ముకుని తవ్వితే బండే తగులుతుందన్నాడు అబ్బ. వంక మలుపులో మాత్రం తెల్లటి బోదెతో ఏరుమద్ది, దాని పక్కన రెండు నేరేళ్లు పచ్చగా నిలబడి ఉన్నాయి. వాటికి కొంచెం దిగువన ఒక బండ వంకకు అడ్డం పడి ఉంది. బండకు ఎగువ పక్క, మద్ది నీడలో, చేతులతోనే తవ్వమన్నాడు.

మోచేయి లోతుకు ఇసుక రంగు మారింది. ఇంకాస్త తవ్వితే చల్లగా తగిలింది. ఆ తర్వాత గుంత అడుగున బురద నీళ్లు ఊరినాయి. దప్పికతో ముందుకు వంగిన మా బావను అబ్బ ఆపాడు. ఆ నీళ్లు గ్లాసుతో తోడి పారబోశాడు. మళ్లీ ఊరితే మళ్లీ తోడేశాడు. గుంత అంచు విరగకుండా చుట్టూ చిన్న రాళ్లు పేర్చాడు. ఇక ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి పొయ్యి పెట్టడానికి పోయాడు. మేం ఐదుగురం ఆ గుంత చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని చూస్తూ ఉన్నాం. ఇసుక రేణువులు ఒక్కొక్కటే అడుగున సర్దుకున్నాయి. సన్నటి ఊట ఒక పక్క నుంచి కదులుతూ కనిపించింది. కాసేపటికి అడుగున రాళ్లు లెక్కపెట్టగలిగేంత తేటగా నీళ్లు నిలిచాయి. ఆ చెలమ నీళ్లతోనే సంగటి కెలికాం, ఆ నీళ్లే తాగాం. నేను ఆ తర్వాత ఎన్నో ఊళ్ల నీళ్లు తాగాను, ఆ రుచి వేరు.

మర్నాడు పొద్దున సామాన్లు సర్దుకుని గుంత పూడ్చబోయాం. అబ్బ కేకేశాడు. పూడ్చవద్దని, ఒక పక్క ఇసుకను వాలుగా తోయమని చెప్పాడు. "జింకలకు మోర అందల్ల గదరా, గువ్వలు దిగి తాగల్ల గదా" అన్నాడు.

నందిమండలం దగ్గర రోడ్డెక్కి, వేంపల్లె బస్సు పట్టుకుని, అక్కడి నుంచి గండికి నడిచాం. గండి దగ్గర పాపఘ్ని కొండను నిలువునా చీల్చుకుని వస్తుంది. కర్ణాటకలో నంది కొండల దాపున పుట్టిన ఏరు, ఇక్కడ శేషాచలం వరుసను దాటి, వేంపల్లె మీదుగా పోయి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. గుడిలో ఆంజనేయస్వామి రూపం రాములవారు బాణం కొనతో గీసిందని చెబుతారు. ఆ రెండు కొండల నడుమ వాయుదేవుడు బంగారు తోరణం కట్టాడని, అది మన్రో దొరకు కనిపించిందని అబ్బ చెప్పాడు. మేమంతా మెడలెత్తి ఆకాశంలో తోరణం వెతుకుతుంటే, సారు కింద బండ మీద కూర్చుని మమ్మల్ని పిలిచాడు.

ఆ బండ మీద చేయి పెట్టి చూడమన్నాడు. చేతికి వరుసగా మెరకలు, పల్లాలు తగిలాయి. వేలెడు దూరానికొకటి, అన్నీ ఒకే వంపుతో. ముందురోజు మేం పొలతల వంకలో తొక్కుకుంటూ వచ్చిన ఇసుక మీద నీళ్లు పారిన గీతలు ఇట్లాగే ఉన్నాయి, కాకపోతే ఇవి రాయి. "ఇది ఇసుకే" అన్నాడు సారు. "సముద్రం ఒడ్డున లోతు లేని నీళ్లలో అల ఆడిన ఇసుక. దాని మీద ఇంకో పొర, ఇంకో పొర పడి గట్టిపడింది." ఎప్పటిదని అడిగాం. 190 కోట్ల ఏళ్లకు పైమాటే అన్నాడు. చేప లేదు, చెట్టు లేదు, గడ్డిపోచ కూడా లేని భూమి మీద నీళ్లు మాత్రం ఉన్నాయి, అల మాత్రం ఉంది. ఆ అల మీద నా అరచేయి ఉంది. భూగర్భశాస్త్రం పుస్తకాల్లో ఈ రాతి పొరలకు గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, పాపఘ్ని అని మా ఊళ్ల పేర్లు, మా ఏటి పేరే పెట్టారని ఆయన చెప్పినప్పుడు, గువ్వలచెరువంటే పాలకోవా ఒక్కటే తెలిసిన మేం మాట్లాడకుండా ఉండిపోయాం. సారు కూతురు మాత్రం బండ మీద బోర్లా పడుకుని చెవి ఆనించింది. "అల చప్పుడు వస్తాందా మ్మా?" అని అబ్బ ఎంతో శ్రద్ధగా అడిగాడు.

గండి నుంచి శేషాచలంలోని తలకోనకు బయలుదేరాం. రాయచోటి, పీలేరు, భాకరాపేట. బస్సులు మారుతూ పోవడమే తప్ప దారిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. నేరబైలు దాటి తలకోన అడవిలోకి అడుగు పెట్టినాక మాత్రం మేం వేరే దేశంలోకి వచ్చినట్టయింది. మా వైపు కొండల్లో చెట్టుకూ చెట్టుకూ నడుమ ఆకాశం కనబడుతుంది. ఇక్కడ పైకి చూస్తే ఆకే. మనిషి నడుమంత లావున గిల్లతీగ ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పాకి, మెలికలు తిరిగి, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా ఉంది. దాని కాయ పిల్లవాడి చేయంత పొడవు. గింజ నున్నగా, గోధుమరంగులో, అరచేతిలో పట్టేంత. సారు కూతురు ఒకటి ఏరుకుంది. జాతీయ పార్కులోంచి ఆకు కూడా తీసుకుపోకూడదని చెప్పి, దాన్ని కాలువలో వదలమన్నాడు సారు. గింజ మునగలేదు. తేలుతూ, రాళ్ల మధ్య తిరుగుతూ దిగువకు పోయింది. ఈ తీగ తన గింజల్ని నీళ్ల చేతనే మోయించుకుని ముందూరికి పంపిస్తుందని అప్పుడు చెప్పాడు.

అక్కడి జలపాతం 270 అడుగులు. ఆ నెలంతా మా వైపు చినుకు లేదు. తలకోనలోనూ వాన పడి చాలా రోజులైందని గుడి దగ్గరివాళ్లు చెప్పారు. అయినా పైనుంచి నీళ్లు పడుతూనే ఉన్నాయి. నాలో ఉన్న కోపమంతా ప్రశ్నగా బయటికి వచ్చింది. "వాన లేకుండా ఈ నీళ్లు యాడివి సార్?"

ఆయన మడుగు ఒడ్డున కూర్చోబెట్టి చెప్పాడు. ఈ కొండరాయి గట్టిదే గానీ నిండా పగుళ్లు. వాన పడితే చెట్ల వేళ్లు, రాలిన ఆకు ఆ నీళ్లను ఉరకనివ్వవు, నిలబెడతాయి. అవి నిదానంగా పగుళ్లలోకి దిగి, నెలల తరబడి ఊటగా బయటికి వస్తాయి. కొన్ని ఇట్లా కోనల్లో పడతాయి, కొన్ని ఏళ్లలో కలుస్తాయి, కొన్ని నేల కిందనే నడిచి కొండ పాదాన బావుల్లో తేలతాయి. "మీ బావిలో ఎండాకాలం కూడా మోకాటి లోతు నీళ్లుంటాయే, అవి యాడివనుకుంటాండావు?" అన్నాడు. మా బావి మా కయ్యల కొసన, కొండ వైపు ఉంది. మా జేజి చూసి చూసి కళ్లు కాయలు కాచిన వాన మా ఇంటికి వస్తూనే ఉంది, ఆలస్యంగా, నేల కింద నుంచి.

ఆ రాత్రి సిద్ధేశ్వరస్వామి గుడి మంటపంలో పడుకున్నాం. పున్నమి పోయి ఆరేడు రోజులైంది కాబట్టి చంద్రుడు పొద్దుపోయాకే లేస్తాడు. చీకట్లో సారు టార్చి వేసి చెట్ల కొమ్మల్లో నిదానంగా తిప్పాడు. ఒకచోట ఎర్రగా రెండు చుక్కలు వెలిగి ఆగిపోయాయి. దేవాంగపిల్లి. పిడికెడు ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లు, మొహమంతా కళ్లే. కొమ్మ మీద ఒక చేయి తీసి ముందుకు పెట్టడానికి అది తీసుకున్నంత సేపు మేం ఊపిరి బిగబట్టాం. అబ్బ కొండల్లో అన్నేళ్లు మేకలు మేపినా దాన్ని అంత దగ్గరగా చూడలేదట. వెలుగు దాని కళ్లకు మంచిది కాదని సారు టార్చి ఆర్పేశాడు.

ఆ తర్వాతి పదేళ్లలో మా వైపు బోర్లు వచ్చాయి. ఇంటికి రెండేసి మూడేసి, పోటీలు పడి లోతుకు దింపారు. మా బావి ఎండింది. పులివెందుల వైపు చీనీ తోటలు ఎండి, జనం చెట్లు నరికి కట్టెలమ్ముకున్నారు. అబ్బ పోయాడు. సారు రిటైరై కడపలో స్థిరపడ్డాడు. కొండల్లో ఎర్రచందనం దొంగలు పడ్డారు. అబ్బ బండకు పుట్టిన చెట్టు అన్నది సముద్రాలు దాటి అమ్ముడుపోతోంది. శేషాచలాన్ని 2010లో 4,755 చదరపు కిలోమీటర్ల మేర జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. కాపలా పెరిగింది, చెక్‌పోస్టులు వచ్చాయి. కావలసినవే, నేను కాదనను. కానీ దొంగలకు వేసిన కంచె పిల్లలకూ పడింది. అడవిలోకి పోతానంటే ఇప్పుడు మా ఊళ్లో తల్లులకు భయం ఎలుగుగొడ్ల గురించి కాదు, కేసుల గురించి.

ఇప్పుడు జమ్మలమడుగు అవతల గండికోటలో పెన్న లోయ అంచున డేరాలు వేసుకుని, బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలు రాత్రంతా చుక్కలు చూస్తూ కూర్చుంటారు. చూసినప్పుడల్లా సంతోషమేస్తుంది. అక్కడి ఎర్రమల కొండలకు ఆ గౌరవం దక్కవలసిందే. అయితే పెండ్లిమర్రి బడి పిల్లలు పాలకొండలను ఇంకా మిద్దె మీద నుంచే చూస్తున్నారంటే నాకు కడుపులో తిప్పినట్టుంటుంది. తలకోనలో నేరబైలు వన సంరక్షణ సమితివాళ్లు అటవీ శాఖతో కలిసి వచ్చిన జనానికి అడవి చూపిస్తున్నారు. ఆ ఏర్పాటు పొలతలకూ రావాలి. ఏటా సంక్రాంతి సెలవుల్లో మా బడి నుంచి ఒక చిన్న జట్టు, ఐదారుగురు చాలు, వంక వెంబడి పోయి ఏరుమద్ది కింద చెలమ తవ్వుకుని ఒక రాత్రి ఉండిరావాలి. దానికి అటవీ శాఖ అనుమతి కాగితం ఒకటి, ఓపికున్న సారు ఒకరు, కొండ తెలిసిన పెద్దమనిషి ఒకరు కావాలి. రాగిపిండి ఎవరింట్లో నుంచైనా వస్తుంది.