పాత కెర్నలు

మా నాయనకిప్పుడు 85 ఏండ్లు. తిరుత్తణి చిత్తూరు జిల్లాను విడిచి 1960 ఏప్రిల్ 1వ తేదీన మదరాసు రాష్ట్రంలో చేరిననాటికి ఆయన ఇరువైయేండ్ల కుర్రవాడు. సరిహద్దు జరిగింది గాని చుట్టరికాలు జరగలేదు. నగరి, పుత్తూరు వైపు సగం మందీ, పొదటూరుపేట, పళ్లిపట్టు వైపు సగం మందీ మావాళ్లే. ఎవరి కూతురు ఎవరింటి కోడలైందో ఆయన చెబుతూ ఉండగా, రెండేండ్ల క్రితం మూడు నెలలపాటు రాత్రులు కూర్చొని నేను కంప్యూటరులోకి ఎక్కించాను. నాలుగు తరాల పేర్లు. అటు తరువాత ఆయనకు మతిమరుపు వచ్చింది. తిరువళ్లూరు ఆఫీసులో ప్రతి కాగితానికీ నకలు తీసి దస్త్రంలో పెట్టే గుమాస్తానైన నేను, ఆ వంశావళికి మాత్రం నకలు తీయలేదు.

ఆ కంప్యూటరు మా అక్క కొడుకు వాడి విడిచిన పాత ల్యాప్‌టాపు. అందులో ఉబుంటు అనే లినక్సు వేసి ఇచ్చినాడు. లినక్సు పుట్టినది 1991లో. లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండు విద్యార్థి దాని కెర్నలు వ్రాసినాడు. కెర్నలంటే గింజలోని పలుకు వంటిది. డిస్కుకూ, మీటలకూ, తెరకూ పని చెప్పేది అదే. అప్పుడప్పుడు కొత్త కెర్నలు వస్తుంది. వేసుకొమ్మని యంత్రమే అడుగుతుంది.

ఒక శనివారం రాత్రి అట్లాగే వేసుకొన్నాను. తెల్లవారి తెరిస్తే నల్లని తెర, తెల్లని అక్షరాలు. చివర "కెర్నల్ పానిక్" అని ఉంది. పానిక్ దానికో నాకో తెలియలేదు. బజారులో మరమ్మతు చేసే కుర్రవాడికి చూపితే, "ఫార్మాట్ చేస్తే సరిపోతుంది సార్" అని తేలికగా అన్నాడు. అంటే పలక తుడిచినట్లు తుడిచివేయడం! యంత్రాన్ని సంచిలో పెట్టుకొని ఇంటికి వచ్చేశాను. నాయన నా ముఖం చూచి, "ఏమిరా, నేను చెప్పినవి అందులోనే ఉండాయి గదా?" అన్నారు. దేన్ని గూర్చి అడిగారో ఆయనకే మరునిమిషంలో గుర్తులేదు. నాకు మాత్రం ఆ రోజు అన్నం దిగలేదు.

రాత్రి బెంగుళూరులోని మేనల్లుడికి ఫోను చేశాను. వాడు నవ్వి, "మామా, డిస్కుకేమీ కాలేదు. లేచే దారి మాత్రమే చెడింది. పాత కెర్నలును యంత్రం పారవేయదు, పక్కన ఉంచుకొంటుంది. తెరవగానే షిఫ్టు మీట నొక్కిపట్టు" అన్నాడు. పట్టాను. ఒక పట్టిక వచ్చింది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అన్నచోట కెర్నళ్లు వరుసగా ఉన్నాయి. కొత్తదాని కింద ఉన్న పాతదాన్ని ఎంచితే, ఏమీ ఎరగనట్లు యంత్రం లేచి కూర్చుంది.

మొదట చేసిన పని, వంశావళిని పెన్‌డ్రైవులోకి దించడం. ఆ తరువాతనే రోగం వెదికాము. డిస్కులో బూట్ అనే చిన్న గది ఒకటి వేరుగా ఉంది. ప్రతి కెర్నలూ అక్కడ రెండు మూటలు పెట్టుకొంటుంది: ఒకటి తానే, రెండవది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. డిస్కును తెరిచే తాళపుచెవుల గుత్తి వంటిది ఈ రెండవది. "డీఎఫ్" అనే ఆజ్ఞ ఇస్తే ఆ గది నూటికి నూరుపాళ్లు నిండిందని చూపింది. నేనెన్నడూ తీసివేయని పాత కెర్నళ్లు ఐదు! కొత్తది వచ్చి కూర్చుంది గాని, దాని గుత్తికి చోటు చాలలేదు. తాళపుచెవి లేక వాకిట్లో కేకలు పెట్టింది, అంతే.

"యూనేమ్" ఆజ్ఞతో ఇప్పుడు నడుస్తున్నది ఏదో చూచుకొని, దాన్ని ముట్టకుండా, మరీ పాతవి రెండు తీసివేయించాడు. "అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్" అనే ఆజ్ఞతో కొత్తదానికి గుత్తి తయారైంది. "అప్‌డేట్ గ్రబ్" అంటే లేచేనాటి పట్టికను తిరగవ్రాయడం. మళ్లీ తెరిస్తే కొత్త కెర్నలుతోనే లేచింది. అరగంట పని. నా గుండె మాత్రం ఇంకో అరగంట కొట్టుకొంది.

మరునాడు ఆ పేర్లన్నీ అచ్చు తీయించి నాయన పక్కన కూర్చొని చదివాను. చాలావరకు ఎవరో పరాయివాళ్ల పేర్లు విన్నట్లు విన్నారు. పొదటూరుపేట వాళ్ల వరుసకు వచ్చేసరికి చెయ్యెత్తి ఆపినారు. "ఆ యమ్మ పెద్ద కోడలు కాదురా, రెండో కోడలు. తప్పు రాసుకొన్నావు."

కలం తీసి అచ్చు ప్రతిలో దిద్దినాను. ఆ తరువాత యంత్రంలోనూ, పెన్‌డ్రైవులోనూ దిద్దినాను.