ఇప్పచెట్టు కింద

పిల్లలూ! దమ్మపేట ఎప్పుడైనా చూశారా? సత్తుపల్లికీ అశ్వారావుపేటకూ దగ్గరలోనే ఉన్నది. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలోది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. రోడ్డున పోతుంటే మొదట కనిపించేవి పామాయిలు తోటలు. వాటి గెలలను అప్పారావుపేట మిల్లుకు తోలి నూనె తీస్తారు. ఈ తోటలను చూసి అడవి అనుకొనేరు సుమా! అసలు అడవి చూడాలంటే తోటలు దాటి ఇప్పచెట్ల దాకా నడవాలి.

ఫాల్గుణం వెళ్ళి చైత్రం వచ్చేసరికి ఇప్పచెట్టు ఆకులు రాల్చి, గుత్తులు గుత్తులుగా పూస్తుంది. రాత్రి గబ్బిలాలు ఆ తీపికోసం వచ్చి, పనిలోపనిగా పుప్పొడిని ఒక చెట్టునుంచి మరొక చెట్టుకు చేరవేస్తవి. తెల్లవారుజామున పూలు టపటపా రాలుతవి. ద్రాక్షపండులాగా కండగల పూలవి. ఎలుగుబంటికి అవంటే ప్రాణం. జింకలూ వస్తవి. పొద్దు పొడిచేసరికి కోయవారు బుట్టలతో వస్తారు. పూలను ఎండబెట్టి దాచుకొంటారు. ఇప్పపూలకు వారు పండుగ కూడా చేస్తారు. చీకట్లో ఒంటరిగా ఇప్పచెట్టు దగ్గరకు పోరాదని అక్కడి మీ ఈడు పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు!

ఇక్కడే ఒక చిక్కున్నది. చెట్టు కింద ఎండుటాకులు దట్టంగా పరచుకొని ఉంటవి. వాటిలో పడిన పూలు కనబడవు. అందుకని కొందరు ముందుగానే ఆకులకు నిప్పు పెడతారు. నల్లని నేలమీద తెల్లని పూలు ఏరటం సులభమే. కాని ఆ నిప్పు చెట్టు కిందనే ఆగుతుందా? గాలి తోడైతే పొదల్లోకి పాకుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే అడవికోడి పొదకింద, నేలమీద గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లను ఎవరూ తీయరాదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెపుతున్నది. నిప్పుకు చట్టం తెలియదు. జింకకు పరుగెత్తే కాళ్ళున్నవి, గుడ్డుకు లేవు కదా! అప్పుడే లేస్తున్న ఇప్పమొక్కలు కూడా మాడిపోతవి. ముసలిచెట్టు పడిపోయిననాడు దాని చోట నిలిచేదేది?

నిప్పుకు బదులు చీపురు చాలు. ఆకులను ఒక పక్కకు ఊడ్చవచ్చు. పాత చీరో వలో పరిస్తే పూలకు మన్ను కూడా అంటదు. అయితే ఊడ్వటానికి సమయం కావాలి. పొద్దెక్కితే కూలికి పోవలసినవారికి ఆ సమయమే కరువు. వారిని తప్పుపట్టేముందు ఒక్క ఉదయం వారితో కలిసి పూలు ఏరి చూడండి, నడుము సంగతి తెలుస్తుంది!

మంటకు దొరకని పొద వానలకు మళ్ళీ పచ్చబడుతుంది. ఆరుద్ర కార్తెలో నేల తడిసిందంటే ఎర్రని ముఖమల్ గుడ్డతో కుట్టినట్టుండే ఆరుద్ర పురుగులు బయటికి వస్తవి. నెమలి పురి విప్పుతుంది. 1963లో మన జాతీయపక్షి అయింది అదే. చలికాలం సెలవుల్లో వెళ్ళినవారు ఉత్తరాన పాల్వంచ దాకా పోయి కిన్నెరసాని జలాశయం చూడవచ్చు. అక్కడి అడవి 1977లో అభయారణ్యం అయింది. ఉదయంపూట మొసళ్ళు గట్టుమీద కదలక మెదలక ఎండ కాచుకొంటవి. దూరాన్నుంచి చూస్తే దుంగలే అనుకొంటారు.

ఇంతలో మాఘం వస్తుంది. దమ్మపేట అడవిలో ఇప్పచెట్టు మళ్ళీ ఆకులు రాల్చటం మొదలుపెడుతుంది.