అచ్చుగుద్దినట్టు

"పిల్లాడు అచ్చుగుద్దినట్టు వాళ్ళ నాన్నేనండీ!" అంటూంటారు పురిటి మంచం దగ్గర చేరిన అమ్మలక్కలు. ఈ మాట పుట్టించిన మహానుభావుడెవరోగానీ, జన్మలో ఒక్క అచ్చయినా గుద్దిన పాపాన పోయినట్టు లేదు. గుద్దివుంటే అలా అనడు. ఎందుకంటారా? ఒకే చెయ్యి, ఒకే అచ్చు, ఒకే రంగు. అయినా ఒకదానిలా ఇంకొకటి రాదు గాక రాదు. మొదటిది రంగు కక్కుతుంది. రెండోది మొహం చిట్లించుకుంటుంది. మూడూ నాలుగూ బుద్ధిగా కూచుంటాయి. అయిదోది వచ్చేసరికి రంగు చాలక, జ్వరం పడి లేచినదానిలా వుంటుంది.

ఇంత సాధికారంగా ఎలా చెబుతున్నానంటే, ఇరవై ఏళ్ళుగా ప్రతి ఉగాదికీ మా వంటింటి అరుగు మీద నలభై గ్రీటింగు కార్డులు నా చేత్తో అచ్చొత్తి చుట్టాలకీ, స్నేహితులకీ పంపుతున్నాను. "ఫోను నొక్కితే క్షణంలో నాలుగొందల మందికి పోతుంది కదే, ఈ అవస్థ దేనికి?" అంటారు మావారు. పోతుంది, నిజమే. నాకూ వస్తూంటాయి పొద్దున్నే దీపాలూ, కలశాలూ, గులాబీలూ. ఎవరు పంపారో చూసేలోపే పైకి జరిగిపోతాయి. వాటిని తప్పుపట్టడం లేదు. కానీ దారపు ఉండలో చెయ్యి పెడితే కార్డు తగలడంలో వున్న సుఖం వాటిల్లో లేదు.

అచ్చు గుద్దడం నేనేమీ కొత్తగా నేర్చుకోలేదు. మనలో చాలామందికి తొలి అచ్చు మన పిడికిలే. కృష్ణాష్టమినాడు వీధి గుమ్మం నుంచి దేవుడి గది దాకా చిన్నికృష్ణుడి పాదాలు వేస్తాం చూడండి, అదీ. బియ్యప్పిండి పల్చగా కలిపి, పిడికిలి బిగించి, చిటికెనవేలు వైపు పిండిలో అద్ది నేలమీద ఒత్తితే పాదం. వేలికొసతో అయిదు చుక్కలు పెడితే వేళ్ళు. మా ఇంట్లో ఈ పనికి అక్కకీ నాకూ పోటీ. ఇద్దరం ఏడుస్తుంటే చూడలేక అమ్మ వాటాలు వేసింది, కుడి పాదాలు అక్కవి, ఎడమ పాదాలు నావి అని. అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. దాని పిడికిలి పెద్దది, నాది రేగిపండంత. దాంతో మా ఇంటికి ఏటా కృష్ణుడు కుడికాలు పెద్దదీ, ఎడంకాలు చిన్నదీగా వేంచేసేవాడు. "పాపం, కుంటుతూ వస్తున్నాడర్రా పిల్లాడు, వెన్న కాస్త ఎక్కువ పెట్టండి" అనేది అమ్మ.

తరవాతి మెట్టు కూరగాయలు. బెండకాయ అడ్డంగా కోసి చూడండి, అయిదు రేకల పువ్వు. భగవంతుడే చెక్కిపెట్టిన అచ్చు. అయితే కోసిన వెంటనే రంగులో ముంచారో, జిగురంతా తీగలు సాగి కార్డు మీద సాలెగూడు కడుతుంది. కోసి ఓ పూట గాలికి ఆరనివ్వాలి. కాకరకాయకి అంచంతా గంటుగంటులుగా పడి ముచ్చటగా వుంటుంది. ఉల్లిపాయ చక్రాల మీద చక్రాలేస్తుంది. బంగాళాదుంపైతే సగానికి కోసి, బ్లేడుతో ఆకో, మామిడిపిందో మనకి కావలసింది చెక్కుకోవచ్చు. దాన్ని మాత్రం గుడ్డతో నీరంతా అద్దెయ్యాలి, లేకపోతే రంగు పలచబారి పారిపోతుంది. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ నా కళాపోషణ మీద ఒకే ఒక్క విమర్శ చేసేవారు. "ఇంతకీ ఇవాళ కూర వుందా, కార్డులేనా?"

కూరగాయల నుంచి టేకు అచ్చులకి ఎదగడం పెడనలో జరిగింది. బందరులో పెళ్ళికి వెళ్ళి, పక్కనే వుంది కదా అని పెడన వెళ్ళాం, కలంకారీ అద్దకం చూడ్డానికి. శ్రీకాళహస్తిలో కలంకారీ అంటే కలం పట్టి గీసేది. బందరు, పెడనల్లో చెక్క అచ్చులతో అద్దేది. పొడుగాటి బల్ల, దానిమీద మెత్తగా గోనెపట్టాల పరుపు, పైన గుడ్డ. పక్కనే రంగు తొట్టి. అచ్చుని రంగులో తాటించడం, గుడ్డమీద పెట్టడం, పిడికిలితో దభీమని ఒక్కటివ్వడం. తీసి పక్కన పెట్టడం, మళ్ళీ దభీ. అలా పూవుకి పూవు, తీగకి తీగ అతుక్కుంటూ పోతుంది. గీత ఎక్కడ కలిసిందో భూతద్దం పెట్టి చూసినా నాకు దొరకలేదు.

ఒక్క పువ్వుకి ఒక్క అచ్చు చాలదు. అంచుగీతకి ఒకటి, లోపలి ఎరుపుకి ఇంకొకటి, ఇలా రంగుకో అచ్చు. అన్నీ టేకువే. బొమ్మని చెక్కమీదికి దించి సన్నటి ఉలులతో చెక్కి, నూనెలో నానబెట్టి వాడతారు. గుడ్డకి ముందు కరక్కాయా, గేదెపాలూ పట్టించి ఎండబెడతారు. పాలు లేకపోతే రంగు గుడ్డమీద పాకిపోతుందట. నలుపు ఎలా వస్తుందనుకున్నారు? తుప్పు పట్టిన ఇనుపముక్కలూ, బెల్లమూ కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్ళు. ఎరుపుదైతే గమ్మత్తు. పటిక కలిపిన ద్రావకంతో అద్దుతారు, అప్పటికి ఎర్రగా వుండనే వుండదు. ఆ తరవాత చెక్కలూ, వేళ్ళూ వేసిన కాగులో గుడ్డని ఉడకబెడితే, పటిక తగిలినచోటల్లా ఎరుపు పైకి తేలుతుంది. నేను ఇవన్నీ శ్రద్ధగా వింటూంటే మావారు చెవిలో అన్నారు: "కార్డుల్ని ఉడకబెడతానంటావేమో, నేను ఇంటికి రాను."

ఉడకబెట్టలేదు లెండి. పనికిరాకుండా మూల పడేసిన పాత అచ్చులు మూడు కొనుక్కొచ్చాను. ఒక మామిడిపిందె, ఒక చిలక, ఒక అంచుతీగ. చిలకకి తోక కొస విరిగిపోయింది. అందుకే మా ఇంటి ఉగాది చిలకలన్నీ మొండితోకవే. ఎవరూ అడగలేదు ఇంతవరకూ.

కాగితానికి పోస్టర్ రంగు చాలు. రబ్బరు స్పాంజి ముక్క మీద పాత నూలుచీర పేలిక పరిచి, దానికి రంగు పట్టించి, అచ్చుని దానిమీద తాటించాలి. ముంచకూడదు. ముంచితే చెక్కిన సందులన్నీ పూడిపోయి చిలక కాస్తా పిడకవుతుంది. కార్డు కింద నాలుగు మడతల పాత పేపరు తప్పనిసరి. గట్టి బల్లమీద పెట్టి గుద్దితే అచ్చులో నాలుగు మూలలే పడతాయి, నడిమధ్య బోసిగా వుంటుంది. మెత్తదనం కింద వుండాలి, గట్టితనం పైన. నున్నటి మెరుపు అట్ట అసలొద్దు. గరుకుగా, కాస్త పీచుపీచుగా వున్న చేతికాగితమైతే రంగుని ఆప్యాయంగా పీల్చుకుంటుంది.

అక్షరాల సంగతి చెబితే నవ్వుతారు. అచ్చులో అక్షరం తిరగేసి వుంటేనేగా కాగితం మీద సరిగ్గా పడేది! తెలుగు అక్షరాన్ని తిరగేసి ఎప్పుడైనా చూశారా? మనకి పుట్టినప్పటి నుంచీ తెలిసిన తలకట్టు అటు తిరిగి కూచుని, ఎవరండీ మీరు అన్నట్టు చూస్తుంది. దీనికో సుళువుంది. పల్చటి కాగితం మీద మెత్తటి పెన్సిలుతో మామూలుగా రాసి, బోర్లించి, బడిపిల్లలు చెరిపే రబ్బరు మీద పెట్టి వేలితో రుద్దండి. దానంతటదే తిరగబడి దిగుతుంది. ఇక ఆ గీతలు వదిలేసి మిగతాదంతా బ్లేడుతో తీసెయ్యడమే. అయితే "శుభాకాంక్షలు" అని చెక్కడం మాత్రం మానవమాత్రుల పని కాదు. "క్ష" దగ్గరికొచ్చేసరికి రబ్బరు పొడిపొడిగా రాలుతుంది. మన లిపి గుండ్రటి సొగసంతా తాటాకుకీ, గంటానికీ కుదిరిందిగానీ రబ్బరుకీ, బ్లేడుకీ కాదు. అందుకని "శుభం" అని ఊరుకుంటాను. అది చూసి మావారు ప్రతి ఏడూ "అప్పుడే సినిమా అయిపోయిందా?" అంటారు. పాత సినిమాలు చూసినవాళ్ళకి ఈ హాస్యం చెప్పనక్కర్లేదు.

గృహప్రవేశాలకీ, పెళ్ళిళ్ళకీ కూడా ఇవే ఇస్తాను, లోపలేమీ రాయకుండా, డజను కార్డులూ డజను కవర్లూ ఎర్రదారంతో కట్టి. గోడగడియారాల మధ్యా, స్టీలు డిన్నరు సెట్ల మధ్యా నా కట్ట పాపం బిక్కుబిక్కుమంటూ వుంటుంది. ఒకింట్లో వాటి వెనక పాలలెక్క రాసుకున్నారు, కళ్ళారా చూశాను. పోనీండి, వాడారు. ఇంకొకాయన, రిటైరైన లెక్కల మేష్టారు, అందులో ఒక కార్డు మీద నాకే నాలుగు వాక్యాలు రాసి పంపారు. డబ్బెట్టి కొన్న ఏ కానుకైనా ఇలా తిరిగి గుమ్మం తొక్కుతుందా?

ఇప్పుడసలు సంగతికొస్తాను. క్రిస్మసు కార్డు పుట్టుకే ఉత్తరం తప్పించుకోవడానికి. 1840లో ఇంగ్లండులో పెన్నీ తపాలా వచ్చింది. దాన్ని తేవడంలో పాటుపడ్డవాళ్ళలో హెన్రీ కోల్ ఒకాయన. చవగ్గా వుంది కదా అని జనం ఉత్తరాలు రాయడం మొదలెట్టారు. కోల్‌గారికేమో బోలెడు పనులు. క్రిస్మసుకి అందరికీ జవాబులు రాయలేక, 1843లో హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత ఒక బొమ్మ వేయించి, వెయ్యి దాకా అచ్చు వేయించి, చేత్తో రంగులద్దించారు. మిగిలినవి షిల్లింగుకొకటి చొప్పున అమ్మకానికి పెట్టారు. బొమ్మలో కుటుంబమంతా విందులో వుంటుంది, చంటిదాని నోటికి కూడా ద్రాక్షసారా గ్లాసు ఆనించి వుంటుంది. దానిమీద మద్యనిషేధంవారు మండిపడ్డారనుకోండి, అది వేరే కథ.

మన బీసెంట్ రోడ్డులో డిసెంబరు వచ్చిందంటే పేవ్‌మెంటు మీద పరిచి అమ్మిన మెరుపుల కార్డులకి కూడా ఆయనే మూలపురుషుడు. అందులో లోపల మాటలు కూడా వాళ్ళే అచ్చువేసి ఇచ్చేవారు. మనం కింద పేరు గీకి, కవరు అంటించకుండా మూత లోపలికి దోపి, పైన "బుక్‌పోస్ట్" అని రాసి డబ్బాలో పడేస్తే సరిపోయేది.

చేత్తో చేసుకున్న కార్డుకి ఆ సదుపాయం లేదు. బయట చిలక వుంటుంది. తెరిస్తే తెల్లగా వుంటుంది. ఆ తెలుపు ఏ అచ్చుతోనూ నిండదు. "మీ ఇంటిల్లిపాదికీ" అని ముప్ఫై తొమ్మిది కార్డులు రాసెయ్యొచ్చు. నలభయ్యోది మా అక్కది.

అమ్మ పోయాక ఇల్లు అమ్మే దగ్గర మాటా మాటా వచ్చింది. ఎవరి మాట న్యాయమో ఇక్కడ తేల్చబోవడం లేదు, చుట్టాలంతా ఆరేళ్ళుగా తేలుస్తూనే వున్నారు. ఆ ఆరేళ్ళూ నా నోటు పుస్తకంలో అక్క పేరు వుంది. ఏటా కార్డు అచ్చొత్తాను. ఏటా లోపల ఏం రాయాలో తోచలేదు. క్షేమం అడిగితే నటన, సంజాయిషీ అడిగితే మళ్ళీ జగడం, వుత్త "శుభం" అంటే ఇంక అయిపోయిందన్నట్టు. ఆరు చిలకలు సొరుగులో వుండిపోయాయి.

ఈ ఉగాదికి చిలకని పక్కన పెట్టాను. ముదురు మెరూన్ కాగితం ఒకటి మడిచి, బియ్యప్పిండికి బదులు తెల్ల పోస్టర్ రంగు సాసర్లో కలిపి, ఎడంచెయ్యి పిడికిలి బిగించి ఒత్తాను. వేలికొసతో అయిదు చుక్కలు. ఒక్క ఎడమ పాదమే, కార్డుకి ఎడంపక్కన. కుడిపక్క ఖాళీ. లోపల "అక్కా, ఇది నాది" అని రాశాను. ఇంకేమీ తోచలేదు. ఆలోచించుకునే వ్యవధి నాకే ఇవ్వకుండా, కవరుకి బిళ్ళ అంటించి నేనే వెళ్ళి డబ్బాలో వేసొచ్చాను.

ఉగాది వెళ్ళిపోయింది. శ్రీరామనవమి పానకం కూడా తాగేశాం. ఆ తరవాతి వారం పోస్టుకార్డు వచ్చింది. కవరైనా కాదు, పోస్టుమాను చదువుకునేట్టు బాహాటంగా. కుడి పాదం వేసి పంపుతుందేమోనని నాకు లోపల ఆశ వుండిందేమో, ముందు రెండు వైపులా తిప్పి చూశాను. పాదమూ లేదు, పండగ మాటా లేదు. అక్క గుండ్రటి దస్తూరీలో మూడు వాక్యాలు.

"కార్డు అందింది. నీ పాదం మరీ ఇంత చిన్నదైపోయిందేమే, చెయ్యి చిక్కిపోయినట్టుంది. అమ్మకి షుగరు ఇలాగే బయటపడింది, ముందు రక్తపరీక్ష చేయించుకుని రిపోర్టు ఏమొచ్చిందో రాయి."

మర్నాడు పొద్దున్నే పరగడుపున వెళ్ళి రక్తం ఇచ్చొచ్చాను. షుగరు లేదు. ఆ సంగతి రాయడానికి మెరూన్ కాగితం ఇంకొకటి కోసి పెట్టుకున్నాను, రంగు కలపాలి.