తొందర లేని రోజు

ముండ్లమూరు నుంచి పిల్లలతో హైదరాబాదు వెళ్ళాము. ఒక్క రోజులో ఎనిమిది ప్రదేశాలు చూడాలని జాబితా రాసుకున్నాము. 1591 నాటి చార్మినార్ మెట్లు ఎక్కి దిగేసరికే చిన్నవాడు అలసి ఏడ్చాడు. విసుక్కున్నాము. కానీ తప్పు మా తొందరదేనని తోచి, జాబితా మడిచి, పక్కనే ఉన్న మక్కా మసీదుకు నడిచాము. జుహ్ర్ నమాజు చేసుకుని, పావురాలను చూస్తూ అస్ర్ వరకు ఆవరణలోనే గడిపాము.

“అమ్మీ, ఇంత పెద్ద రాళ్ళు ఎవరు మోసుకొచ్చారు?” అని అడిగింది పాప. కుతుబ్‌షాహీల కాలంలో మొదలైన ఆ నిర్మాణం డెబ్బై ఏళ్ళకు పైగా సాగి, ఔరంగజేబు హయాములో 1694లో పూర్తయిందని చెప్పాము. “అంతకాలం ఓపిక పట్టారా!” అని ఆశ్చర్యపోయింది.

ఇంటికి రాగానే దాదీమాకు ఆ కథే వినిపించింది. చూడని ఆరు ప్రదేశాల ఊసు ఎవరూ ఎత్తలేదు, అల్‌హమ్దులిల్లాహ్.