పాతకారు ఏమంటోంది?

కొత్తకారు ఆగిపోతే మెకానిక్ స్కానర్ తెస్తాడు. వైరు తగిలించగానే జబ్బేమిటో తెర మీద పడుతుంది. చెడిన భాగం తీసేసి, కొత్తది బిగిస్తే సరి. మరి, రెండో ప్రపంచయుద్ధానికి ముందు పుట్టిన కారైతే? వైరు పెట్టడానికి చోటూ ఉండదు, అడగ్గానే భాగం ఇచ్చే దుకాణమూ ఉండదు. ఇక మిగిలేవి రెండే... చెవి, ఓపిక!

మొయినాబాద్ దగ్గర ఓ మామిడితోట. అందులో రేకుల షెడ్డు. షెడ్డులో 1936 నాటి మోరిస్ ఎయిట్. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీ ఫ్యాక్టరీలో తయారైన బుజ్జికారు. నాలుగు సిలిండర్లు, 918 సీసీ ఇంజిన్. అప్పట్లో మధ్యతరగతి కోసం చేసిన ఈ మోడల్ 1935-38 మధ్య రెండు లక్షలకు పైగానే తయారైంది. ఈ కారు యజమాని చేవెళ్లలో ఉండే ఓ రిటైర్డు మాస్టారు. వాళ్ల నాన్న సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారట. ఆయన పోయాక పదిహేనేళ్లుగా కదల్లేదు. 'తుక్కు కింద ఇచ్చేయండి' అన్నాడు కొడుకు. 'ఇంజిన్ తీసేసి మారుతిది పెట్టిస్తే గుర్రంలా పరిగెడుతుంది' అన్నారు స్నేహితులు. మాస్టారికి రెండూ నచ్చలేదు. పాతబస్తీ నుంచి ఓ ఉస్తాద్‌ని పిలిపించారు.

డెబ్భై దాటిన ఉస్తాద్ వస్తూనే బానెట్ ఎత్తి, ''ముందు ఇనాలె సార్. ఇప్పుడు తర్వాత'' అన్నాడు. అంతా బాగానే ఉందికానీ ఒకటే చిక్కు. అరవయ్యేళ్లు ఇంజిన్ల మధ్య బతికిన ఆ పెద్దాయనకి ఇప్పుడు చెవులు సరిగా వినిపించవు! అందుకే ఐటీఐ చదివిన మనవణ్ని వెంటబెట్టుకొచ్చాడు. చెవి మనవడిది, అర్థం తాతది.

పంపు మాట్లాడుతుంది

తాళం తిప్పితే మోరిస్ పెట్రోలు పంపు టక్ టక్‌మంటుంది. కార్బురేటర్ గిన్నె నిండగానే ఆ చప్పుడు ఆగాలి. అసలు చప్పుడే లేదంటే పంపుకి కరెంటు అందడం లేదన్నా, లోపలి పాయింట్లు మసిపట్టాయన్నా అనుకోవాలి. ఆగకుండా గబగబా కొట్టుకుంటోందా? ట్యాంకు ఖాళీ. లేదంటే గొట్టంలో ఎక్కడో గాలి పీల్చుకుంటోంది.

''ఆగుతలేదు దాదా'' అన్నాడు కుర్రాడు. ఉస్తాద్ పంపు మీద అరచెయ్యి ఆనించాడు. వేళ్లకు తెలిసింది. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం జాయింటు దగ్గర వాషరు అరిగిపోయింది. కుర్రాడైతే కొత్త పంపు కొనిద్దామనుకున్నాడు. ఖర్చయింది ఓ వాషరు!

స్టార్టరు మూలుగుతూ తిరగడానికీ పెద్ద కారణమేం లేదు. ఈ కారుది ఆరు వోల్టుల బ్యాటరీ. వోల్టేజి సగమైతే, అంతే పని చేయడానికి రెట్టింపు కరెంటు పారాలి. దానికి లావుపాటి కేబుల్ కావాలి. ఎప్పుడో ఎవరో ఇప్పటి కార్ల సన్నతీగ వేసిపోయారు. తీగ మార్చి, తుప్పు గీకి, ఎర్తు బిగించగానే ఇంజిన్ అందుకుంది.

అన్నట్టు, ఆ బిగించడమూ మామూలు పానాలతో కుదరదు. ఈ కారు నట్లవి విట్‌వర్త్ కొలతలు. మన పానా మీద ఉండే అంకె నట్టు వెడల్పుని చెబుతుంది. విట్‌వర్త్ పానా మీదిది లోపలి బోల్టు మందాన్ని చెబుతుంది. తెలియక మిల్లీమీటర్ల పానా పట్టారో, నట్టు మూలలు నున్నగా అరిగిపోతాయి.

నీళ్లకీ ఓ దారుంది

ఇంజిన్ లేచింది కానీ పది నిమిషాలకే పొగలు కక్కింది. ''వాటర్‌పంపు పోయింది'' అన్నాడు కుర్రాడు. ఉస్తాద్ నవ్వాడు. పోవడానికి ఇందులో అసలు పంపుంటే కదా! వేడెక్కిన నీరు పైకి లేచి రేడియేటర్‌లోకి చేరుతుంది. అక్కడ చల్లబడి, బరువెక్కి, కింది గొట్టంలోంచి మళ్లీ ఇంజిన్లోకి వస్తుంది. నీటిమట్టం పైగొట్టం కన్నా దిగితే ఆ ప్రయాణం ఆగినట్టే. ఇక్కడ మట్టం సరిగానే ఉంది. ఇంజిన్ దిమ్మలో, వెనకవైపు, తుప్పు బురదలా పేరుకుపోయింది. ''కొత్త పంపు పెడ్దామా దాదా?'' ''ఎందుకురా... దారి సాఫ్ చేస్తే నీళ్లు వాటంతట అవే నడుస్తయ్.'' తీగతో గీకి గీకి తీసిన బురద సగం బకెట్టు అయింది.

మూడోదాంట్లోనే!

అసలు పరీక్ష తోటలోని ఎత్తుదారి ఎక్కుతున్నప్పుడు ఎదురైంది. లోపల ఠక్ ఠక్‌మని ఏదో తగులుతోంది. కుర్రాడికి స్పష్టంగా వినిపిస్తోంది. ఉస్తాద్‌కి వినపడటం లేదు. కట్టెపిడి స్క్రూడ్రైవర్ మనవడి చేతికిచ్చాడు. ఒక్కో స్పార్క్‌ప్లగ్గునీ దాంతో ఇంజిన్ దిమ్మకి కలపమన్నాడు. అలా చేస్తే ఆ సిలిండర్లో మంట ఆగి, పిస్టన్ మీద ఒత్తిడి తగ్గుతుంది. దేన్ని ఆపితే చప్పుడు తగ్గుతుందో జబ్బు దాని కింద ఉన్నట్టు. ఒకటి... అదే చప్పుడు. రెండు... అదే. మూడోది ఆనించగానే చప్పుడు మెత్తబడింది. ''మూడోదాంట్లోనే దాదా!''

విప్పిచూస్తే నిజమే. మూడో కనెక్టింగ్ రాడ్డు బేరింగు పగిలిపోయింది. ఇది దుకాణంలో దొరికే బేరింగు కాదు. తగరంలో కాస్త ఆంటిమొని, రాగి కలిపిన తెల్లలోహాన్ని కరిగించి, రాడ్డులోనే పోతపోయాలి. చల్లారాక బోరు చేయాలి. క్రాంకుకి నీలిరంగు పూసి తిప్పి, రంగంటిన మిట్టల్ని కొద్దికొద్దిగా గీకాలి. మళ్లీ పూయాలి, మళ్లీ గీకాలి. ఆ ఒక్కదానికే వారం పట్టింది. ఆ గీకుడంతా చేసింది కుర్రాడే.

ఇంత కష్టం ఎందుకూ, వేరే ఇంజిన్ పెట్టేస్తే పోలా... అనిపించొచ్చు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభయ్యేళ్లు దాటిన సొంత వాహనాలకు 'వింటేజ్' రిజిస్ట్రేషన్ ఉంది. నంబరు ప్లేటు మీద 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. కాకపోతే ఛాసీ, బాడీ, ఇంజిన్లను చెప్పుకోదగినంతగా మార్చేసి ఉండకూడదు. అంటే, సులువుగా ఉంటుందని ఇంజిన్ మార్చేస్తే అది పాతకారు కాకుండా పోతుంది!

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ని చూసి మురిసిపోతాం. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టిందని గొప్పగా చెప్పుకుంటాం. కానీ వాటిని నడిపించిన ఉస్తాద్‌ల పనితనానికి మ్యూజియం ఎక్కడుంది? అది చేతుల్లో ఉంటుంది. మరో చేతికి అందకపోతే ఆ మనిషితోనే పోతుంది. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్లల మీదుగా మన్నెగూడ దాకా రోడ్డుకి ఇరువైపులా ఉన్న మర్రిచెట్లను కాపాడుకోవాలని ఏళ్లపాటు పోరాడారు జనం. ఊడ నేలలో దిగితేనే మర్రి నిలబడుతుంది. పనితనమూ అంతే.

మోరిస్ ఇప్పుడు నడుస్తోంది. పెట్రోల్లో ఇథనాల్ 20 శాతానికి చేరిందికదా, పాత రబ్బరు గొట్టాలను అది తినేస్తుందని వాటిని మాత్రం మార్పించారు మాస్టారు. ఇంజిన్ చప్పుడులో ఏ కాస్త తేడా వచ్చినా ఆయన ఫోన్ చేసేది ఉస్తాద్‌కి కాదు, కుర్రాడికి. ఉస్తాద్‌కి అందులో కోపమేం లేదు. ఆ కట్టెపిడి స్క్రూడ్రైవర్ని మనవడి దగ్గర్నుంచి ఆయనింకా తిరిగి తీసుకోలేదు.