డేటా గుట్టలో కిల్న్ కనిపించదు

కృష్ణకు ఇటు మఠంపల్లి, మేళ్లచెరువు, జగ్గయ్యపేట, అటు పల్నాడు. రెండు ఒడ్డులా నేల కింద సున్నపురాయి ఉండబట్టే సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడ గుంపుగా వెలిశాయి. తయారీరంగాన్ని కృత్రిమ మేధ మార్చేస్తుందన్న మాటలో ఎంత నిజముందో చూడాలంటే కిల్న్‌ను మించిన చోటు లేదనిపించి, ఈ ప్రాంతంలోని ఒక ఫ్యాక్టరీకి వెళ్లాను. కిల్న్ అంటే అరవై డెబ్బై మీటర్ల పొడవున కాస్త వాలుగా పడుకోబెట్టిన ఉక్కు గొట్టం. లోపల అగ్నిని తట్టుకునే ఇటుకలు పరిచి, నిమిషానికి నాలుగైదు చుట్ల చొప్పున తిప్పుతూ ఉంటారు. ప్రీహీటర్‌లో, కాల్సైనర్‌లో కాగిన రాతిపొడి పైకొసన లోపలికి దిగుతుంది, కిందికొసన బర్నర్ బొగ్గుపొడి మంటను ఊదుతుంది. బర్నర్ పక్కనున్న కిటికీలోంచి నీలపు అద్దం అడ్డం పెట్టుకుని చూస్తే మంట వెనక తిరిగే గోడ, దాని మీదికెక్కి జారిపడే పదార్థం కనిపిస్తాయి. 1450 డిగ్రీల దగ్గర అది కొంత కరిగి జిగురెక్కుతుంది, గోడను పట్టుకుని ఎత్తుకు ఎక్కుతుంది. వేడి తగ్గితే పొడిపొడిగా కిందనే జారుతూ మంట కిందికి నల్లగా పాకుతుంది. ఆ నల్లటి అంచు ఎంత ముందుకు వచ్చిందో చూసి కిల్న్ నాడి చెప్పే ఆపరేటర్లు ఇప్పటికీ ఉన్నారు.

వాళ్ల చూపు మీద ఇంకా ఆధారపడటానికి కారణం, అసలు కావలసిన కొలత చేతికందకపోవడం. కిల్న్‌లోంచి గడ్డలుగా బయటికొచ్చే క్లింకర్ సరిగా కాలిందా లేదా అన్నది అందులో కలవకుండా మిగిలిన సున్నం, అంటే ఫ్రీ లైమ్, చెబుతుంది. అది ఒక శాతం చుట్టుపక్కల ఉంటే మంచిది. కానీ నమూనా ల్యాబుకు వెళ్లేది గంటకో రెండు గంటలకో ఒకసారి. ఫలితం వచ్చేసరికి ఆ క్లింకర్ కూలర్ దాటి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. దూరం నుంచే వేడిని కొలిచే మంట దగ్గరి పైరోమీటరుకు దుమ్ము అడ్డం. అందుకని కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లు మోటారు ఆంపియర్లు, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆక్సిజన్ చూసి లోపలి సంగతి ఊహిస్తారు. ఎందుకైనా మంచిదని కిల్న్‌ను అవసరానికి మించి వేడిగానే నడుపుతారు. కిలో క్లింకర్‌కు రసాయన లెక్క ప్రకారం 420 కిలో క్యాలరీల చిల్లర చాలు. మంచి కిల్న్‌కు కూడా 700 దాకా పడుతుంది. ఆ తేడాలో ఎక్కువ భాగం వాయువులతో, గోడలతో పోయే వేడే, దాన్ని ఆపడం కష్టం. క్లింకర్ సరిగా కాలదేమోనన్న భయం వల్ల అదనంగా కాలే బొగ్గు మాత్రం ఆపగలిగిందే.

ఇక్కడ తెలివైన యంత్రం కొత్త కాదు. 1965లో లోట్ఫీ జాదే ఫజ్జీ సెట్ల సిద్ధాంతం ఇచ్చాడు. 1970ల మధ్యలో లండన్‌లో ఇబ్రహీం మమ్దానీ దాన్ని చిన్న ఆవిరి యంత్రం మీద ప్రయోగించాడు. కొద్ది ఏళ్లకే డెన్మార్క్‌కు చెందిన ఎఫ్.ఎల్. స్మిత్ ఇంజనీర్లు ఆపరేటర్ల నియమాలను అదే తీరులో రాసి సిమెంటు కిల్న్ నడిపారు. పరిశ్రమలో ఫజ్జీ నియంత్రణ మొదట నిలదొక్కుకున్న చోట్లలో ఇదొకటి. ఇప్పటి ప్రతిపాదన వేరు. నియమాలు రాయనక్కర్లేదు, ఏళ్ల తరబడి కంప్యూటర్లలో పేరుకున్న డేటానుంచి మోడల్ తనంతట తానే నేర్చుకుంటుంది అంటున్నారు. నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. ఆ డేటా కిల్న్ స్వభావాన్ని మాత్రమే చూపదు, ఆపరేటర్ చేతి పనిని కూడా కలిపి చూపుతుంది. కిల్న్ చల్లబడుతోందనిపిస్తే అతను బొగ్గు పెంచుతాడు, వేడెక్కితే తగ్గిస్తాడు. కాబట్టి బొగ్గు ఎక్కువగా పడిన గంటలేవని రికార్డులో వెతికితే కిల్న్ చల్లగా ఉన్న గంటలే ఎక్కువగా తేలతాయి. మందు వేసుకున్నవాళ్లకే జ్వరం ఉంది కనుక మందే జ్వరం తెప్పించిందని తేల్చినట్టు, బొగ్గు వేస్తే కిల్న్ చల్లబడుతుందని మోడల్ నేర్చుకోవచ్చు. అంతకన్నా లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. మంచి ఆపరేటర్ షిఫ్టులో అంకెలు పెద్దగా కదలవు. కదలని అంకెల్లోంచి కారణమేదో, ఫలితమేదో తేల్చలేం. కిల్న్ ఎంత నేర్పుగా నడిస్తే రికార్డులో అంత తక్కువ సమాచారం మిగులుతుంది.

ఈ సంగతి నియంత్రణ సిద్ధాంతానికి అరవై ఏళ్లుగా తెలుసు. స్వీడన్‌లో బిల్లెరూడ్ కాగితపు మిల్లు కోసం కార్ల్ యోహాన్ ఆస్ట్రోమ్ 1960లలో చేసిన పని ఇందుకు సాక్ష్యం. వ్యవస్థను గుర్తించాలంటే ఇచ్చే ఇన్‌పుట్‌లో తగినంత కదలిక ఉండాలని అప్పుడే తేల్చారు. కదలిక లేకపోతే మనమే కావాలని కల్పించాలి. ఫీడ్‌ను, బొగ్గును, ఫ్యాన్ వేగాన్ని ఒక్కొక్కటిగా కొద్దిగా మార్చి, కిల్న్ ఎలా స్పందిస్తుందో గంటల తరబడి చూడాలి. ఈ స్టెప్ టెస్టుల నుంచి వచ్చిన మోడల్ చేతిలో ఉంటే ముందుచూపు నియంత్రణ, అంటే ఎంపీసీ, పనికొస్తుంది. 1970లలో చమురు శుద్ధి కర్మాగారాల్లో ఎదిగిన పద్ధతి ఇది. ప్రతి అడుగులో రాబోయే గంటలను లెక్కగట్టి, ఆక్సిజన్ ఇంతకు తగ్గకూడదు, ఉష్ణోగ్రత ఇంత దాటకూడదు అన్న హద్దుల లోపలే ఉత్తమమైన కదలికను ఎంచుకుంటుంది. ఆ కాగితపు మిల్లులో దొరికిన లాభం కిల్న్‌కూ వర్తిస్తుంది. కాగితం తేమలో ఊగిసలాట తగ్గింది కనుక లక్ష్యాన్ని హద్దుకు దగ్గరగా జరపగలిగారు. ఫ్రీ లైమ్ ఊగిసలాట తగ్గితే ఆ అదనపు బొగ్గూ అక్కర్లేదు. నేర్చుకునే యంత్రానికి ఇందులో గొప్ప పనే ఉంది. ల్యాబు ఫలితం రాకముందే ఫ్రీ లైమ్‌ను అంచనా వేయడం, మంట కెమెరాలో ఆ నల్లటి అంచును గుర్తుపట్టడం, కిల్న్ పైతొడుగు మీద వేడిమచ్చ తొలిదశలోనే పసిగట్టడం దానికి బాగా వచ్చు. చూసే పని దానికివ్వాలి. వాల్వు తిప్పే పని మాత్రం హద్దులు రాసిపెట్టిన నియంత్రికే చేయాలి.

ఇది పాతకాలపు భయమని కొందరంటారు. గూగుల్ డేటా కేంద్రాల్లో డీప్‌మైండ్ కృత్రిమ మేధ శీతలీకరణ విద్యుత్తును 40 శాతం తగ్గించిందని 2016లో ప్రకటించారు కదా, అక్కడ సాగింది ఇక్కడ ఎందుకు సాగదని అడుగుతారు. 2018లో ఆ యంత్రానికి నేరుగా పగ్గాలిచ్చినప్పుడు ఏం చేశారో కూడా చూడాలి. ఆపరేటర్లు పెట్టిన భద్రతా హద్దుల లోపలే దాన్ని ఉంచారు, ఎప్పుడైనా పాత పద్ధతికి మారే వీలుంచారు. నేను చెబుతున్నదీ అదే. కిల్న్‌కు కంప్యూటర్‌లో కట్టిన నకలు, అంటే డిజిటల్ ట్విన్, మీద లక్షసార్లు ప్రయత్నించి నేర్చుకోవచ్చు కదా అన్నది ఇంకో ప్రశ్న. ఆ ట్విన్‌లో కారణమూ ఫలితమూ తారుమారైతే లక్షసార్లూ తప్పే నేర్చుకుంటుంది. యాజమాన్యాల అభ్యంతరం వీటికన్నా బలమైనది. స్టెప్ టెస్టుల రోజుల్లో క్లింకర్ నాణ్యత ఊగుతుంది, నష్టం వస్తుంది. నిజమే. మార్పు చిన్నదిగా, పరీక్ష పొడుగ్గా పెట్టుకుంటే నష్టం తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. బొగ్గుకు తోడు వరిఊక, పట్టణాల చెత్తనుంచి చేసిన ఇంధనం వాడకం పెరిగేకొద్దీ పాత మోడళ్లు చెల్లవు కనుక ఈ పరీక్షలు మళ్లీ మళ్లీ చేయాలి కూడా. ఈ ఖర్చును మొదటినుంచే బడ్జెట్లో రాయని ఒప్పందం కొన్నాళ్లకు మూలపడుతుందనే నా నమ్మకం.

ఆపరేటర్ సంగతి 1983లోనే పరిశోధకురాలు లిసాన్ బేన్‌బ్రిడ్జ్ రాసింది. యంత్రం మామూలు పనంతా తీసుకుని కష్టమైన ఘడియను మనిషికి వదిలేస్తుంది, అప్పటికి అతని చేతికి అలవాటు తప్పి ఉంటుంది. లోపల పదార్థం రింగ్‌లా గట్టిపడి కిల్న్ ఇరుకైనప్పుడు, గోడకు పట్టిన కోటింగ్ ఊడిపడినప్పుడు కంట్రోల్ రూములో ఉండేది అతనే. వారానికి కొన్ని గంటలు అతని చేత స్వయంగా నడిపించాలి, ఆ నీలపు అద్దం దగ్గరికి పంపాలి. ఇదంతా చూసుకోవాలంటే ఫ్యాక్టరీలోనే నియంత్రణ సిద్ధాంతం తెలిసిన ఇంజనీరు ఒకరుండాలి. మన రెండు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలలేమో కోర్ బ్రాంచీల సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకుంటున్నాయి. కోడు రాసేవాళ్లు కావలసినంతమంది దొరుకుతున్నారు. ఏ వాల్వును ఎంత కదిపి ఎన్ని గంటలు ఆగాలో తేల్చగలిగినవాళ్ల కోసమే ఈ కృష్ణ ఒడ్డు ఫ్యాక్టరీలు వెతుక్కోవాల్సి వస్తుంది.